పక్కింటి తోడు

జ్యేష్ఠం, మంగళవారం

ప్రతి పరిశోధకుడూ రోజుచిట్టా సొంత చేత్తో రాయాలని డైరెక్టరు గారి కొత్త ఉత్తర్వు. ఉప్పుగాలికి కంప్యూటర్లు ఒక్కొక్కటే తుప్పుపట్టి పోతున్నాయి కాబట్టి ఇక మా చేతులే దిక్కట. ఆయన పేరు మృత్యుంజయరావు. కణితుల పరిశోధన కేంద్రానికి అంతకంటే తగిన పేరున్న మనిషి వెతికినా దొరకడు.

సరే, రాస్తాను. పొద్దున్నే, పొగమంచుని పట్టి నీళ్లు చేసే మంచువలల దగ్గర మా వంతు నీళ్లు పట్టుకున్నాను. మంచు పల్చగా పడింది, బిందె సగమే నిండింది. కింద సముద్రం నీళ్లు ముట్టుకోం. అందులో మునిగిపోయిన కార్ఖానాల మడ్డి తాగబట్టే కొండ మీద ఇంటికొక కణితి. నీళ్లు కాచి వదినకి పెట్టి, మెట్లెక్కి కేంద్రానికి వచ్చి, కణాలని వెచ్చగా ఉంచే పొదుగుపెట్టెలు తెరిచి తోడులకి చారు మార్చాను.

చారు అంటే తినేది కాదు. రోగి కణితిలోంచి సూదితో చిన్న ముక్క తీసి గాజుపళ్లెంలో బతికించడానికి పోసే పోషకద్రవం. రంగు చూసి మావాళ్లు ఆ పేరు పెట్టారు. అందులో ఆ రోగి నెత్తుటి చుక్క కూడా కలుపుతాం. పళ్లెంలో పెరిగే కణితి పేరు తోడు. పళ్లెం నిండగానే ఒక చుక్క తీసి కొత్త పళ్లెంలో వేస్తాం కాబట్టి, ఇక్కడి ఆడవాళ్లు దాన్ని పాలల్లో వేసే తోడుతో పోల్చారు, ఆ మాటే కేంద్రం కాగితాల్లోకీ ఎక్కింది. మందులు ముందు తోడు మీద వేసి చూస్తాం. అది ఏ మందుకి లొంగితే మనిషికి ఆ మందు. తోడు చచ్చిపోతే మాత్రం మనిషి పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. పడవ మీద వచ్చే మందు తక్కువ, కాబట్టి దాన్ని పంపే మండలి వాళ్లు పెట్టిన రూలది.

మా వదిన సత్యవేణి తోడు భేషుగ్గా ఉంది. నీలం మందు చుక్క పడితే ముడుచుకుపోతోంది. వదిన కాలేయంలో ఉన్న అసలు కణితి మాత్రం అదే మందు తాగుతూ పెరుగుతోంది. ఒక్క వదినకే కాదు, దాదాపు అందరికీ ఇంతే. పళ్లెంలో చచ్చేది ఒంట్లో ఎందుకు చావదన్నదే నా పరిశోధన. కణితి చుట్టూ ఉన్న మంచి కణాలే దానికి తిండి పెట్టి, మందు తగలకుండా అడ్డం నిలుస్తున్నాయని నా సిద్ధాంతం. దానికి 'ఒంటి కుట్ర' అని పేరు పెట్టాను. డైరెక్టరు గారికి ఆ పేరు తెగ నచ్చింది. జనం ఎందుకు పోతున్నారని మండలి అడిగినప్పుడల్లా నా వ్యాసం ముందుకు తోస్తారు.

అన్నయ్యని తుఫాను తీసుకుపోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. వదిన మంచువలలు అల్లుతుంది. సాయంత్రం అంబలి తాగుతూ అడిగింది.

"ఏటి కుముదా, నా తోడు ఎలాగుంది?"

"నీకంటే బాగుంది."

"బాగోదేటి మరి. వేళకి చారు పోసే ఆడపడుచుంది దానికి. నాకేమో చల్లారిపోయిన అంబలి."

ఆ అంబలి కూడా సగం వదిలేసింది.

జ్యేష్ఠం, శుక్రవారం

ఈవేళ కూర్మారావు గారు వచ్చారు. నీలం మందుతో పూర్తిగా నయమైన మనిషి కేంద్రం మొత్తంలో ఈయనొక్కడే. రేవులో పడవలకి నీరు చొరకుండా కీలు పూస్తారు. కణితి మాయమైందని తేలిన రోజుకి ఏటేటా ఎండుచేపల బుట్ట మోసుకుంటూ కొండెక్కుతారు. డైరెక్టరు గారు ఆయన్ని మందు హాల్లో అందరి ముందూ నిలబెట్టి భుజం తట్టారు. మందు గ్లాసులు పట్టుకుని వరసలో కూర్చున్నవాళ్లు ఆయన వైపు కళ్లార్పకుండా చూశారు.

తర్వాత ఆయన నా గదికి వచ్చారు. "నా తోడు బాగుందామ్మా? ఓపాలి సూపిత్తారా?"

పొదుగుపెట్టె తెరిచి చూపించాను. ఆయన పళ్లేనికి దణ్ణం పెట్టుకున్నారు. కణితికి దణ్ణం పెట్టే మనిషిని ఆయన్నే చూశాను.

"నాకు నయమైపోనాది కదా. ఇంకా దీన్నెందుకమ్మా మేపడం?"

"ఇంత గట్టిగా పెరిగేది ఇంకోటి లేదండి. కొత్తవాళ్లు పని నేర్చుకోవడానికి ఉంచాం."

ఆయన మొహం వెలిగిపోయింది. తనవల్ల పది మందికి ఉపయోగం ఉందని సంబరపడుతూ వెళ్లారు.

హాల్లో వదిన పక్కన పైడమ్మ కూర్చుని ఉంది. తోడులకి చారు పోసే పనిలో అందరికంటే పాతమనిషి. డైరెక్టరు గారితో సహా అందరం అక్కని పిలిచినట్టు అప్పా అనే పిలుస్తాం. మందు మింగలేక వదిన తంటాలు పడుతుంటే వీపు రాస్తోంది. "మింగీ అమ్మా, నీ తోడు బంగారంలాగుంది, నీకేటి బయం" అంటోంది. వదిన కళ్లు మూసుకుని మింగింది.

జ్యేష్ఠం, బుధవారం

వదిన తోడులో ఏ క్రోమోజోములు విరిగాయో చూద్దామని ఈవేళ రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. మొదటి కణంలోనే వై క్రోమోజోము కనిపించింది. అది మగవాళ్ల కణాల్లోనే ఉంటుంది. నా పొరపాటే అనుకున్నాను. గాజుముక్కలన్నీ కడిగి, చేతులు కడుక్కుని, వదిన పేరున్న ఇంకో పళ్లెం తీసి మళ్లీ చేశాను. మళ్లీ మగ కణాలే. ఆ పళ్లెంలో ఉన్నది మా వదిన కాదు.

పక్కనే ఉన్న ఆడవాళ్ల తోడులు తీశాను. అన్నీ మగవే. మగవాళ్లవి తీశాను. వాటిలో వై ఉండటం వింత కాదు కాబట్టి విరిగిన చోట్లు చూశాను. ప్రతి మనిషి కణితిలోనూ క్రోమోజోములు ఎక్కడో ఒకచోట విరిగి, వేరే చోట అతుక్కుని ఉంటాయి. ఆ అతుకులు ఇద్దరికి ఒకేలా ఉండవు. ఇక్కడ చూసిన ప్రతి పళ్లెంలోనూ ఒకటే విరుపు, ఒకటే అతుకు.

చివరికి కూర్మారావు గారి తోడు తీసి చూశాను. అదే.

పెట్టెల నిండా ఇందరి పేర్లు రాసి పెట్టి మేము పెంచుతున్నది ఒక్క కూర్మారావు గారిని. నీలం మందు ఆయన కణితిని చంపుతుంది. అందుకే ప్రతి తోడూ నీలం మందుకే లొంగింది, అందుకే ప్రతి మనిషికీ నీలం మందే రాశాం. ఆయన బతికారు. మిగతావాళ్లు ఆయన మందు తాగి పోతున్నారు. దీనికి నేను ఒంటి కుట్ర అని పేరు పెట్టి వ్యాసం రాశాను.

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత నా మీద నాకే ఒళ్లు మండింది.

జ్యేష్ఠం, గురువారం

పళ్లేల్లోకి వేరేవాళ్ల తోడు ఎలా వచ్చిందో అడగడానికి పైడమ్మప్పని పిలిచాను. దబాయించి నిజం రాబట్టాలనుకున్నాను. దబాయించక్కర్లేకపోయింది. నేను అడగగానే చెప్పేసింది, అందులో దాచాల్సిందేదో ఉందని ఆమెకి అనిపించనే లేదు.

"బాటరీలు పాడైపోయిన ఎండాకాలం ఉంది కదమ్మా, పెట్టెలన్నీ చల్లారిపోయి తోడులు పోనాయి. చెప్తే పేర్లు కొట్టేస్తారు. ఎంతమంది పేర్లని కొట్టించమంటావు? కూర్మారావు బాబుదొక్కటే బతికింది. దాంట్లోంచి తలా ఒక చుక్క ఏసినాను."

"ఆయనది తీసి వాళ్ల పళ్లెంలో వేస్తే అది వాళ్లది ఎలాగవుతుందప్పా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "మనింట్లో పెరుగు తోడుకోపోతే పక్కింటికెల్లి తోడు తెచ్చుకోమేటి? ఎవులింటి తోడేసినా మన పాలు మన పెరుగే అవుతాది. ఈళ్ల చారులో ఈళ్ల నెత్తురుంది కదా. ఆ నెత్తుట్లో పెరిగింది ఈళ్లదే అవుతాదనుకున్నాను." కాస్త ఆగి, "తోడడిగిన ఇంటికి లేదనకూడదమ్మా. నాను పద్దతి తప్పలేదు. దీపాలెట్టేక ఒక్కనాడూ ఇవ్వలేదు" అంది.

దాన్ని తోడు అని పిలిచింది మేమంతా. ఆ మాటకి ఆమెకి తెలిసిన అర్థం ఒకటే, ఆ అర్థం ప్రకారమే చేసింది.

పాల సంగతి వేరు, కణితి సంగతి వేరు అని బొమ్మ గీసి చెప్పాను. చారు ఎవరిదైనా దాంట్లో పెరిగేది కూర్మారావు గారే అన్నాను. ఆమె బొమ్మలో పళ్లేలని వేలితో ఒక్కొక్కటే తాకింది.

"అయితే నీలం మందు తాగినోలందరూ..."

"అవునప్పా."

"సత్యవేణమ్మది మొన్న మాఘంలో పోనాది. అప్పుడేసినాను." అని గోడ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. నేను లేపలేదు. జాలి, కోపం రెండూ ఉన్నాయి, ఏది ఎక్కువో నాకే తెలియలేదు.

జ్యేష్ఠం, శనివారం

డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన నన్ను అబద్ధాలకోరు అనలేదు, అరవలేదు. తనే రంగు వేసి, తనే చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"పడవ ఎప్పుడొస్తుంది?" అన్నారు.

"ఆషాఢం పౌర్ణమికండి."

"అది వచ్చేదాకా ఈ సంగతి గది దాటకూడదు. ఇప్పుడు మండలికి తెలిస్తే పడవ ఆపేస్తారు. జ్వరం మాత్రలు కూడా రావు."

"ఈలోగా వీళ్లంతా నీలం మందు తాగాలాండీ?"

"మానేస్తే ఏం తాగిస్తావు? చెప్పు."

గిడ్డంగిలో పసుపు మందు డబ్బాలు పేర్చి ఉన్నాయి, తెల్లమందు ఉంది. ఒక్క తోడు కూడా వాటికి లొంగలేదని ఎవరికీ ఇవ్వలేదు. లొంగనిది కూర్మారావు గారి తోడు. మిగతావాళ్లది ఎవరు చూశారు? మళ్లీ అందరి దగ్గరా ముక్క తీసి పెంచాలన్నాను. ఎందుకు తీస్తున్నామని అడిగితే ఏం చెప్తామన్నారు. చివరికి, "మీ వదినది తీసుకో. ఇంట్లో మనిషి కాబట్టి బయటికి పోదు" అన్నారు.

సరేనని వచ్చేశాను. వదిన ఒక్కతే ముందు అనేసరికి నాకు లోపల ఊరటగా అనిపించింది, ఆ మాట దాచను.

ఆషాఢం, సోమవారం

వదినకి చెప్పాను. వల అల్లుతూ వింది.

"అయితే ఇన్నాళ్లూ నేను తాగింది కూర్మారావన్నయ్య మందా?"

"ఆ."

"నా ఒళ్లు నామీదే కుట్ర చేస్తోందన్నావు. నేను రోజూ దీన్ని తిట్టుకుంటున్నాను. పాపం, నా ఒంటిని ఎన్నెన్ని మాటలన్నావే." అని నవ్వింది. నవ్వుతుంటే కడుపులో నొప్పి వచ్చి ఆగిపోయింది. తర్వాత, "మరి నా మందేది?" అంది.

"తెలీదు. మళ్లీ ముక్క తీసి పెంచి చూడాలి. నీది అసలే పళ్లెంలో బతకలేదు. మళ్లీ చచ్చిపోవచ్చు."

"చావకుండా చూడు. అందుకే కదేటి నీకు జీతం."

మత్తుమందు కిందటి పడవలోనే రాలేదు. పక్కటెముకల కింద సూది దింపుతుంటే వదిన నా జాకెట్టు చెయ్యి పట్టుకుని గట్టిగా లాగింది, కుట్లు ఊడిపోయాయి. అరవలేదు. అయ్యాక, "నీ రవిక నేనే కుట్టిస్తాలే" అంది.

వదిన కణితి ఒంటరిగా బతకలేదు. ఒంట్లో పక్కనున్న మంచి కణాలు తిండి పెడితేనే బతుకుతుంది. నా సిద్ధాంతంలో నిజమని తేలింది ఆ కాస్తే. అందుకని ఈసారి కణితి ముక్కతో పాటు దాని పక్కనున్న మంచి కాలేయం ముక్క కూడా తీసి, రెండూ ఒకే పళ్లెంలో పెట్టాను. చారులో వదిన నెత్తుటి చుక్క వేశాను. మూత మీద పేరు రాసి, పైడమ్మప్పకి తాళం ఇవ్వకుండా పెట్టె నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆషాఢం, శుక్రవారం

పళ్లెంలో కణాలు అతుక్కున్నాయి. చిన్న చిన్న గుంపులుగా పెరుగుతున్నాయి. రంగు వేసి చూశాను, వై లేదు. మా వదినే. ప్రపంచంలో ఏ ఆడపడుచూ వదిన కణితిని చూసి ఇంత సంతోషపడి ఉండదు.

సాయంత్రం పైడమ్మప్ప ఇంటికి వచ్చింది. గుమ్మం దాటలేదు. వదినే లేచి పీట వేసింది. నేను లోపలికి పోబోతే వదిన నన్ను కూడా కూర్చోమంది.

"నాది చచ్చిపోయిన రోజున నాకొక మాట చెప్పాల్సింది కదప్పా."

"చెప్తే నీ పేరు కొట్టేద్దురమ్మా."

"కొట్టేస్తే కొట్టేద్దురు. మాఘం నుంచి పొద్దున్నే ఆ మందు తాగి వాంతులు చేసుకుంటున్నాను. నయమవుతాదని ఓర్చుకున్నాను. ఊరికే ఓర్చుకున్నానా?"

పైడమ్మప్ప ఏడుస్తోంది. వదిన ఓదార్చలేదు. కోపం దిగేదాకా వల ముడులు బిగిస్తూ కూర్చుని, ఆ తర్వాత అంది, "నువ్వు నా మంచికే చేసావు, నాకు తెలుసు. అయినా నా ఒంటి సంగతి నన్నడగాలి."

"తప్పయిపోనాది."

"నాతో అంటే సరిపోదు. అక్కడ వరసలో కూర్చున్నోళ్లందరూ నీ మాట నమ్మే మింగుతున్నారు."

పడవ వచ్చేదాకా చెప్పకూడదన్నారని నేను గుర్తుచేశాను. వదిన నా వైపు తిరిగింది. "చెప్పొద్దన్నది నీకు. నాకెవరు చెప్పారు?"

వద్దన్నాను. నీకొక్కదానికైనా ఈ మందో ఆ మందో దొరికేదాకా ఆగమని బతిమాలాను. పడవ ఆగిపోతే నువ్వే పోతావన్నాను. వదిన వినిపించుకోలేదు.

ఆషాఢం, శనివారం

మందు హాల్లో వరస మామూలుగానే సాగింది. వదిన వంతు వచ్చింది. గ్లాసు అందుకుని తాగకుండా బల్ల మీద పెట్టేసింది.

"ఇది నా మందు కాదు. కూర్మారావన్నయ్య మందు. మనందరి పళ్లేల్లో ఉన్నదీ ఆయనే" అంది. గొంతు పెద్దది కాదు, అయినా అందరూ విన్నారు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది, నేను చెప్పినదానికంటే తేలిగ్గా. పైడమ్మప్ప లేచి, "నానే ఏసినాను" అని మళ్లీ కూర్చుంది.

ఎవరూ గొడవ చెయ్యలేదు. గొడవ చేసే ఓపిక ఎవరికుంది? ముందు వరసలో ఉన్న ముసలాయన తన గ్లాసు వైపు చూసుకుని నన్ను అడిగాడు. "అయితే మా మందేదమ్మా?"

"తెలీదండి."

"తాగీసింది తాగీసినట్టేనా మరి?"

"అవునండి."

ఆయన గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. ఇద్దరు ముగ్గురు మాత్రం పెట్టలేదు, మా కళ్లముందే తాగేశారు. ఒకావిడ తాగి, మూతి తుడుచుకుని, నన్ను చూసి మొహం తిప్పుకుంది.

డైరెక్టరు గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. సూదులు ఉడకబెట్టమని చెప్పి, చేతులు కడుక్కుని మొదటి మనిషిని ఆయనే పిలిచారు. సాయంత్రం దాకా ముక్కలు తీశాం. మత్తు లేదు కదా, పైడమ్మప్ప ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని కూర్చుంది. కొందరు ఆమె చెయ్యి విదిలించేశారు. ఆమె తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లింది.

ఆషాఢం, పౌర్ణమి

పడవ వచ్చింది. మందు రాలేదు, హాల్లో మాట చేపల పడవల మీద అప్పటికే మండలికి చేరిపోయింది. ఇద్దరు అధికారులు దిగి, కొత్త తోడుల ఫలితాలు తేలేదాకా ఎవరికీ ఏ మందూ లేదని రాసున్న కాగితం ఇచ్చి, అదే పడవలో వెళ్లిపోయారు. డైరెక్టరు గారు భయపడింది నిజమే అయింది.

మెట్ల మీద ఒకావిడ నా దారికి అడ్డం నిలబడింది. "మా ఆయనకి ఆ నీలం గలాసు సూస్తే ఆశుండేది. ఇప్పుడేటుంది?" నేను తలొంచుకుని పక్కనుంచి దిగిపోయాను.

కూర్మారావు గారు కూడా కనిపించారు. ఆయనకీ తెలిసిపోయింది. రేవులో ఆయన్ని చూసి జనం పక్కకి తప్పుకుంటున్నారట. "నానేటి సేసినానమ్మా" అన్నారు. ఆయన చేసింది బతకడమే. ఆ మాటే చెప్పాను. ఆయనకి ఊరట కలగలేదు.

వదిన కళ్లు పచ్చబడ్డాయి. మాఘం నుంచి తాగిన నీలం మందుకి కాలేయంలో మిగిలిన మంచి భాగం కూడా దెబ్బతింది. కాళ్లు వాచాయి. వల మాత్రం వదలడం లేదు.

శ్రావణం, మంగళవారం

వదిన కొత్త తోడుని నాలుగు పళ్లేలుగా చేసి, ఒకటి అలాగే ఉంచి మిగతా మూడింట్లో తలో మందూ వేశాను. నీలం మందు వేసిన దాంట్లో కణాలు ఎప్పటిలాగే పెరుగుతున్నాయి. తెల్లమందుకి కాస్త తగ్గాయి. పసుపు మందు వేసిన పళ్లెంలో సగం చచ్చాయి, మిగతావి ముడుచుకుంటున్నాయి.

పసుపు మందు. గిడ్డంగిలో డబ్బాలకి డబ్బాలు దుమ్ము కొట్టుకుపోతున్నది. దాని కోసం పడవ కూడా అక్కర్లేదు. మాఘంలో వదిన సొంత తోడు బతికి ఉంటే, మాఘంలోనే ఇచ్చేవాళ్లం.

డబ్బా తీసుకుని ఇంటికి పరుగెత్తాను. దారిలోనే గుర్తొచ్చింది. పసుపు మందుని ఒంట్లో అరిగించేది కాలేయమే. పనిచేసే కాలేయం లేని మనిషికి అది విషం. గుమ్మం దగ్గర ఆగిపోయాను. వదిన మంచం మీదనుంచి నన్ను చూసింది.

"పనిచేసిందా?"

"చేసింది."

"మరి మొహం అలాగెట్టావేం?"

చెప్పాను. వదినతో అబద్ధం ఆడటం నాకు ఏనాడూ చేతకాలేదు. ఆమె డబ్బా చేతిలోకి తీసుకుని చూసింది. కొంచెం ఇస్తే అంది. కొంచెం ఇచ్చినా ప్రాణం పోతుందన్నాను. ఇవ్వకపోతే అంది. కొన్నాళ్లుంటావన్నాను.

"అయితే ఉంటాను" అంది. "వల సగంలో ఉంది."

ఆ రోజంతా ఆమె పక్కనే కూర్చున్నాను. ముడులు ఎలా వెయ్యాలో నాకు నేర్పబోయింది. నా వేళ్లు తిరగలేదు. "ఇంత చదువెందుకే నీకు" అని తిట్టింది.

శ్రావణం, ఆదివారం

వదిన పొద్దున పోయింది. నేను నీళ్లకి వెళ్లినప్పుడు. బిందెతో వచ్చేసరికి పైడమ్మప్ప మంచం పక్కన కూర్చుని ఉంది, వదిన చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

అన్నయ్యని తీసుకుపోయిన సముద్రం ఒడ్డునే దహనం చేశాం. నాకు వదిన కావాలి. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

శ్రావణం, గురువారం

రోగి పోతే తోడు పారేయాలని రూలు. డైరెక్టరు గారు, "నీకు కష్టమైతే నేను తీసేస్తాను" అన్నారు. వద్దన్నాను. వదిన కణితిలాంటి కణితులు మందు హాల్లో కూర్చున్నవాళ్లలో ఇంకో నలుగురైదుగురికి ఉన్నాయి, వాళ్ల కాలేయాలు ఇంకా బాగానే ఉన్నాయి. పసుపు మందు ఎంత వేస్తే కణితి పూర్తిగా చస్తుందో తెలిస్తే వాళ్లకి వెంటనే మొదలుపెట్టవచ్చు. అది తేల్చడానికి బతికి ఉన్న తోడు కావాలి. వాళ్ల దగ్గర తీసిన ముక్కలు పరీక్షకి సరిపడా ఇంకా పెరగలేదు, ఉన్నది ఇదొక్కటే.

పెట్టె తెరిచాను. పళ్లెం నిండా పెరిగి ఉన్నాయి. వెచ్చగా, తడిగా, మా వదిన ఒంట్లోంచి వచ్చిన కణాలు, ఆమె పోయాక కూడా రెట్టింపవుతూ. ఆమెని తినేసింది ఇవే. ఆమెవి ఇంకేవీ ఎక్కడా బతికి లేవు. మందు చుక్క పట్టుకుని, నేను ఎవరి మీద పగ తీర్చుకుంటున్నానో, ఎవరిని రెండోసారి పోగొట్టుకుంటున్నానో తెలియక నిలబడ్డాను. బయట హాల్లో ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు విని వేశాను.

ఇంటికి వెళ్లలేదు. సూక్ష్మదర్శిని దగ్గరే ఉండి చూశాను. ముందు అంచుల్లో ముడుచుకున్నాయి. తర్వాత గుంపులు విడిపోయి, కణాలు ఒక్కొక్కటీ గాజు మీదనుంచి ఊడి, చారులో తేలాయి. మొదట వేసిన మోతాదు చాలలేదు, పెంచాను. చివరి కణం ఊడేదాకా చూశాను. అప్పుడు ఏడ్చాను, మొన్న ఒడ్డున రాని ఏడుపు అప్పుడొచ్చింది.

కన్నీళ్లు తుడుచుకుని మోతాదు రాశాను. గుమ్మం దగ్గర కాచుక్కూర్చున్న డైరెక్టరు గారికి కాగితం ఇచ్చాను. ఆయన చదివి, గిడ్డంగి తాళం తీసుకుని వెళ్లారు.

తోడు: సత్యవేణిది. మందు: పసుపు. ఫలితం: పూర్తిగా నయం.